బండి నీళ్ళు తాగదు



నేను ఆత్మకూరులో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని. గద్వాల నుంచి జూరాల కట్ట మీదుగా వచ్చే బండ్లు, కొత్తకోట రోడ్డున వచ్చే బండ్లు, అమరచింత, నర్వ పల్లెల నుంచి వచ్చే బండ్లు మా షెడ్డు ముందు ఆగుతుంటాయి. శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే వాటిలో సగానికి ఒకటే జబ్బు. దిగిన మనిషి చెప్పే మాట కూడా ఒకటే. "అన్నా, బండి మస్తు నీళ్ళు తాగుతుంది. పోసినకొద్దీ తాగుతుంది. ఏడికి పోతున్నయో తెలుస్తలేదు."

ఆ మాట గురించే ఈ పూట మాట్లాడాలని వచ్చాను. బండి నీళ్ళు తాగదు. డీజిల్ తాగుతుంది, పెట్రోలు తాగుతుంది. అవి మండిపోయేవి కాబట్టి మళ్ళీ మళ్ళీ పోయాలి. రేడియేటర్‌లో ఉండే కూలెంట్ అలాంటిది కాదు. అది ఇంజన్‌లోకి వెళ్ళి వేడిని మోసుకొచ్చి, రేడియేటర్‌లో గాలికి ఆ వేడిని వదిలి, మళ్ళీ ఇంజన్‌లోకి వెళుతుంది. తిరిగిందే తిరుగుతుంది. బాగున్న బండిలో ఏడాది గడిచినా కూలెంట్ బాటిల్లో గీత చెప్పుకోదగ్గంత దిగదు. వారానికో లీటరు పోయాల్సి వస్తోందంటే ఆ లీటరు ఏదో ఒక దారిన బయటికి పోయింది. ఆ దారి కనిపెట్టకుండా పై నుంచి పోస్తూ ఉండటం చిల్లు కుండలో నీళ్ళు నింపడమే. కుండకైతే నీళ్ళే నష్టం. ఇక్కడ ఇంజనే పోతుంది.

ఎందుకు పోతుందో ముందు చెబుతాను. సిలిండర్‌లో ఇంధనం మండేటప్పుడు ఆ మంట వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. దాని మీద కప్పిన సిలిండర్ హెడ్ ఇప్పుడు దాదాపు అన్ని కార్లలోనూ అల్యూమినియమే. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి కరగకుండా ఎలా నిలబడుతోంది? దాని కడుపులో అటూ ఇటూ పారే నీళ్ళ కాలువలు ఆ వేడిని ఎప్పటికప్పుడు లాక్కుపోతుంటాయి కాబట్టి. మనం పోసే ఇంధనంలోని శక్తిలో మూడో వంతుకు అటూ ఇటూగా బండిని నడుపుతుంది. మరో మూడో వంతు సైలెన్సర్ పొగతో పోతుంది. మిగిలిన మూడో వంతును ఈ నీళ్ళే మోయాలి. అందుకే ఆ నీళ్ళు తగ్గాయంటే హెడ్ వంకర పోవడానికి ఎంతోసేపు పట్టదు. కొద్ది నిమిషాలు చాలు.

గద్వాల నుంచి రోజూ జూరాల మీదుగా మా ఊరి వైపు వచ్చే ఒక సారు ఉన్నారు. బడి పంతులు. పాత డీజిల్ కారు. ఆయన నా దగ్గరికి వచ్చేసరికి ఆ బండికి నాలుగు చోట్ల వైద్యం అయింది. ఒకచోట రేడియేటర్ మార్చారు. ఒకచోట వాటర్ బాడీ, అంటే నీళ్ళను తిప్పే పంపు, మార్చారు. ఇంకోచోట నీళ్ళ దారి తెరిచి మూసే తర్మోస్టాట్ పీకి అవతల పారేశారు. నాలుగో చోట ఫ్యాను వైరు తాళం లైనుకు డైరెక్ట్ చేసి, తాళం తిప్పగానే ఫ్యాను తిరిగేలా పెట్టారు. అంతా అయ్యాక కూడా వారానికి ఒక లీటరు మాయం. కింద చుక్క కారదు. డిక్కీలో రెండు పెద్ద నీళ్ళ సీసాలు పెట్టుకుని తిరుగుతున్నారాయన.

నేను ఆయన్ని అడిగిన మొదటి మాట, "సార్, బండి ఎప్పుడు హీటెక్కుతుంది?" అని. ఆయన ఆశ్చర్యపోయారు. నాలుగు చోట్లా ఆ మాట ఎవరూ అడగలేదట. నిజానికి రోగం సగం ఆ జవాబులోనే ఉంటుంది. ఊళ్ళో నెమ్మదిగా పోతున్నప్పుడు, రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు వేడి చూపే ముల్లు లేచి, హైవే ఎక్కగానే దిగిపోతుందా? అలాగైతే ఫ్యాను సంగతి చూడాలి. వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యాను చేయాలి. అలా కాకుండా ఊళ్ళో బాగానే ఉండి, హైవే మీద వేగం అందుకున్నాకో, నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కుతున్నప్పుడో ముల్లు లేస్తుందా? అప్పుడు రేడియేటర్ లోపల పూడుకుందేమో, వాటర్ బాడీ రెక్కలు అరిగాయేమో, కింది హోసు పైపు లోపలికి పీల్చుకుని మూసుకుపోతోందేమో చూడాలి. స్టార్ట్ చేసిన పది నిమిషాలకే ముల్లు పైకి పోయి, పై హోసు పైపు మాత్రం చల్లగానే ఉందా? తర్మోస్టాట్ మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోయింది.

మా పక్కనే కురుమూర్తి జాతర ఉంది కదా. కార్తీకంలో ఉద్దాల ఉత్సవం నాడు ఆ గుట్ట కింద బండ్లు ఇసుక వేస్తే రాలనట్టు నిలుస్తాయి. అది చలి మొదలయ్యే కాలం. ఎండ లేదు, ఎత్తు లేదు, వేగం లేదు. అయినా ప్రతి ఏడూ ఆ వరుసలో రెండు మూడు కార్ల బానెట్‌లు లేచి ఉంటాయి. గంటసేపు అంగుళం అంగుళం కదిలేచోట ఫ్యాను పని చేయని బండి బయటపడక తప్పదు. చాలాసార్లు అది చిన్న ఫ్యూజో, రిలేనో. ఆ మనుషులు మాత్రం ఇంజనే పోయిందని భయపడిపోయి ఉంటారు.

సారు చెప్పిన జవాబు వేరుగా ఉంది. "ఊళ్ళో ఏం కాదన్నా. జూరాల దాటి కాస్త తొక్కితే లేస్తుంది. ఇంకోటి, పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు ఒక కాలు కుంటినట్టు నడుస్తుంది. తర్వాత సాఫు అవుతుంది." ఆ రెండో మాట వినగానే నాకు అనుమానం తగిలింది. అయినా అనుమానం మీద ఇంజన్ విప్పకూడదు. బండిని రాత్రి షెడ్డులోనే ఉంచమన్నాను.

ఎందుకు రాత్రి ఉంచమన్నానో వినండి. నీళ్ళ దారి వెతికే పని చల్లని ఇంజన్ మీదే చేయాలి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత జోలికి పోకూడదు. నేను పని నేర్చుకునే రోజుల్లో, నాకు పదిహేనేళ్ళు ఉంటాయేమో, ఒక లారీ ఆవిర్లు కక్కుతూ వచ్చింది. డ్రైవరు తొందర పెట్టాడు. ఉస్తాద్ అవతల ఉన్నాడు. గుడ్డ పట్టుకుని మూత తిప్పాను. సగం తిరిగిందో లేదో గుడ్డతో సహా మూత ఎగిరిపోయింది. కుడి ముంజేయి మీద నుంచి మోచేయి దాకా తోలు ఊడి వచ్చింది. ఉస్తాద్ పరుగున వచ్చి నన్ను పంపు కిందికి లాక్కుపోయాడు. ఎవరో పేస్టు రాయమంటే ఒప్పుకోలేదు. ఇరవై నిమిషాలు నీళ్ళ ధార కిందే నా చేయి పట్టుకుని నిలబడి, తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆయన చేసిందే సరైన పని అని తర్వాత డాక్టర్లు చెప్పారు. కాలినచోట చల్లని నీళ్ళ ధార ఇరవై నిమిషాలు. పేస్టు వద్దు, ఇంకు వద్దు, ఐసు గడ్డ వద్దు. ఆ మచ్చ ఇప్పటికీ నా చేతి మీద ఉంది. మా షెడ్డులో చేరిన ప్రతి పిల్లవాడికీ మొదటి రోజు పానా చేతికివ్వను. ఈ చేయి చూపిస్తాను.

ఆ మూత అలా ఎందుకు ఎగిరింది? ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది కదా, అదే సంగతి. విజిల్ దిగక ముందే కుక్కర్ మూత లాగుతామా? రేడియేటర్ మూత కూడా లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. సుమారు ఒక బార్, అంటే బయట మన మీద ఉన్న గాలి బరువుకు మరో అంత. నీళ్ళూ గ్లైకాలూ సగం సగం కలిపిన కూలెంట్ బయట అయితే దాదాపు 107 డిగ్రీలకు మరుగుతుంది. మూత బిగించి ఆ ఒత్తిడి పెడితే 125 దాటేదాకా మరగదు. మూత తీశారంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా మరగకుండా ఉన్న నీళ్ళు ఆ క్షణమే మరిగి, ఆవిరితో కలిసి మీదికి చిమ్ముతాయి.

ఇందులోనే ఇంకో మాట దాగి ఉంది. ఆ మూత రబ్బరు ఎండిపోయి, స్ప్రింగు వదులైతే లోపల ఒత్తిడి నిలవదు. కూలెంట్ ముందే మరిగి, పక్కనున్న బాటిల్లోకి పొంగి, అక్కడి నుంచి రోడ్డు మీదికి పోతుంది. ఆ మూతకు ఇంకో చిన్న కవాటం కూడా ఉంటుంది. ఇంజన్ చల్లారాక బాటిల్లోకి పోయిన నీళ్ళను వెనక్కి పీల్చుకునేది అదే. అది పని చేయకపోతే బాటిల్లో నీళ్ళు బాటిల్లోనే ఉంటాయి, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. పొద్దున చూస్తే పై హోసు పైపు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. బాటిల్ నిండుగా ఉంది కదా అని ధీమాగా ఉన్న బండి నడి రోడ్డు మీద ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఇంత చిన్న మూతను మార్చకుండా రేడియేటర్లు మార్చిన వాళ్ళు ఎందరో.

సరే, సారు బండి దగ్గరికి వద్దాం. పొద్దున్నే టీ తాగకముందే బానెట్ ఎత్తాను. ముందు కళ్ళు, ముక్కు, వేళ్ళు. తర్వాతే పనిముట్లు. హోసు పైపుల క్లిప్పుల చుట్టూ, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకూ అల్యూమినియం కలిసే అంచు దగ్గర టార్చి వేసి చూశాను. వేడి మీద కారిన కూలెంట్ నేలను చేరేలోపే ఇంజన్ మీదే ఎండిపోతుంది. కింద చుక్క లేనంత మాత్రాన కారలేదని అనుకోకూడదు. ఎండినచోట మాత్రం తెల్లగానో, ఆకుపచ్చగానో ఒక చార మిగులుతుంది. వాటర్ బాడీ అడుగున కావాలనే పెట్టిన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే ఆ రంధ్రంలోంచి కారి మనకు చెబుతుంది. అక్కడ కూడా చార లేదు.

తర్వాత డ్రైవరు పక్క సీటు, ఎడమవైపు కాళ్ళ దగ్గరి చాప ఎత్తి చూశాను. ఇది మన ప్రాంతంలో చాలామంది మరిచిపోయే చోటు. డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోసం ఒక బుల్లి రేడియేటర్ ఉంటుంది. పాలమూరు ఎండల్లో హీటర్ ఎవరు వేస్తారు? బండి కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా వేయనివాళ్ళు ఉన్నారు. అందుకని అది ఉన్నదన్న సంగతే మనకు తెలియదు. అయినా కూలెంట్ దాని దాకా పోతూనే ఉంటుంది. అది కారితే కింద చాప తడుస్తుంది, ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డుగా మంచు పడుతుంది, బండిలో తియ్యటి వాసన వస్తుంది. ఏసీ నీళ్ళు కూడా అక్కడే కారుతాయి కాబట్టి తడి చూసి తొందరపడకూడదు. ఏసీ నీళ్ళయితే రంగుండదు, వాసనుండదు, వేళ్ళ మధ్య రుద్దితే మామూలు నీళ్ళే. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, వేళ్ళకు జారుడుగా తగులుతుంది. నోట్లో మాత్రం పెట్టకండి. అందులోని ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలు నాకి చనిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. బండి నుంచి తీసేసిన పాత కూలెంట్‌ను కాలువలోకో, పొలం గట్టుకో వదిలేవాళ్ళు దయచేసి ఆ పని మానండి.

చాప పొడిగానే ఉంది. అప్పుడు మూత తీసి, నిండా పోసి, మూత ఉండేచోట చేతి పంపు బిగించాను. సైకిల్ పంపు లాంటిదే, దానికో మీటరు ఉంటుంది. ఒక బార్ దాకా గాలి కొట్టి వదిలేశాను. పావుగంటలో ముల్లు నెమ్మదిగా కిందికి జారింది. బయట ఎక్కడా తడి లేదు. అంటే నీళ్ళు పోతున్నది లోపలికే.

నాలుగు సిలిండర్ల హీటర్ ప్లగ్గులూ విప్పి పక్కన పెట్టాను. మళ్ళీ గాలి కొట్టి, అరగంట ఆగి, మా కుర్రవాణ్ణి పక్కకు జరగమని, సారును తాళం తిప్పమన్నాను. ఇంజన్ రెండు చుట్లు తిరిగిందో లేదో మూడో రంధ్రంలోంచి ఆకుపచ్చ నీళ్ళు జల్లున పైకి చిమ్మాయి. మిగతా మూడింటి నుంచీ వట్టి గాలి. సారు దిగి వచ్చి చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇన్ని నెలలుగా ఆయన డిక్కీలో మోసిన నీళ్ళు పోయింది అక్కడికే.

హెడ్ విప్పాక చూపించాను. హెడ్‌కూ బ్లాకుకూ మధ్యలో ఉండే గ్యాస్కెట్ మూడో సిలిండర్ అంచు దగ్గర, పక్కనున్న నీళ్ళ దారి దాకా, చిటికెన వేలి గోరంత మేర కాలిపోయి ఉంది. రాత్రంతా ఆ సందులోంచి నీళ్ళు సిలిండర్‌లోకి ఊరుతాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కుంటడం అందుకే. బండి వేగం అందుకున్నప్పుడు అదే సందులోంచి మండే గ్యాసు నీళ్ళలోకి పోయి, నీళ్ళను బాటిల్లోకి తోసేస్తుంది. తర్వాత హెడ్ మీద ఉక్కు పట్టీ నిలబెట్టి, కింద ఫీలర్ గేజి దూర్చి చూస్తే 0.1 మిల్లీమీటరు దాటి వంగింది. మామూలు కాగితం మందం అంతే. ఆ కాగితమంత వంపు చాలు, బండి నడవకుండా పోవడానికి. హెడ్‌ను లేత్ షాపుకు పంపి ఫేసింగ్ చేయించాం, పగుళ్ళున్నాయేమో నీళ్ళ తొట్టిలో గాలి పెట్టి చూపించాం. కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు. బోల్టులు కంపెనీ చెప్పిన వరుసలో, చెప్పినంత బిగువుతోనే బిగించాలి. కంటి అంచనాతో బిగించేది కాదు అది.

హెడ్ గ్యాస్కెట్ పోయిందని తెలుసుకోవడానికి ప్రతిసారీ ఇంత దూరం పోవాల్సిన పని లేదు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే పై హోసు పైపు రాయిలా గట్టిపడిందంటే అది ఆవిరి కాదు, ఆవిరి రావడానికి ఇంకా టైము పట్టదూ? అది లోపలి నుంచి వచ్చిన గ్యాసు. మూత తీసిపెట్టి చల్లని ఇంజన్ స్టార్ట్ చేస్తే అన్నం ఉడికినట్టు ఆగకుండా బుడగలు రావడమూ అదే గుర్తు. నీలం రంగు మందు పోసి, రేడియేటర్ నోటి దగ్గరి గాలిని దాని గుండా లాగే పరీక్ష ఒకటుంది. పొగ గ్యాసు తగిలితే ఆ మందు పసుపు పచ్చగా మారుతుంది. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారిందంటే నీళ్ళు ఆయిల్‌లోకి పోతున్నట్టు. ఆ బండిని ఇక స్టార్ట్ కూడా చేయకండి. అయితే ఆయిల్ మూత కింద కొంచెం మీగడ లాంటిది కనిపించగానే బెంబేలు పడొద్దు. రోజూ కిలోమీటరు రెండు కిలోమీటర్లే నడిపే బండ్లలో చెమ్మకు అలా పడుతుంది. ఆయిల్ గేజి లాగి చూడండి. దాని మీద ఆయిల్ మామూలుగా ఉంటే ఇంకా ఇతర గుర్తులు చూడాలి. తెల్ల పొగ కూడా అంతే. చలికాలం పొద్దున కాసేపు వచ్చి ఆగితే ఏమీ లేదు. బండి వేడెక్కాక కూడా తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంటే మాత్రం అది మీరు పోసిన కూలెంటే.

అసలు ఆ గ్యాస్కెట్ ఎందుకు పోయింది? సారును తవ్వి తవ్వి అడిగితే ఒక సంగతి చెప్పారు. ఏడాది కింద కర్నూలు నుంచి వస్తూ ఉంటే ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఎర్ర దీపం వెలిగింది. ఇంట్లో తల్లికి బాగాలేదు. ఇంకెంత దూరం, గద్వాలే కదా అని అలాగే పోయారు. ఇంటికి చేరాక చూస్తే కింది హోసు పైపు క్లిప్పు వదులై నీళ్ళన్నీ పోయాయి. క్లిప్పు బిగించి, నీళ్ళు పోసి, బాగైందనుకున్నారు. ఆ పూట వంగిన హెడ్ మెల్లమెల్లగా గ్యాస్కెట్‌ను తినేసింది. తల్లి కోసం పరుగెత్తిన మనిషిని ఏమనగలం? తప్పు ఆయనది కాదు. ఎర్ర దీపం వెలిగాక బండి ఎన్ని నిమిషాలు బతుకుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను ఈ రోజు రేడియోలో మాట్లాడటానికి కారణం అదే.

ముల్లు ఎరుపు వైపు పోతుంటే ఏం చేయాలి? ముందు ఏసీ కట్టేయండి. హీటర్ పూర్తిగా తిప్పి, కిటికీలు దించండి. ఆ ఎండలో వేడి గాలి మొహాన కొడుతుంది, నిజమే. ఇంజన్‌లోని వేడి కొంత ఆ దారిన బయటికి వస్తుంది, పక్కకు తీసి ఆపేంతవరకు పనికొస్తుంది. చెట్టు నీడ కోసం కిలోమీటరు పోకండి. ఉన్నచోటే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. ఆ ఎర్రది వెలిగేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది, కాబట్టి ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఇంకో మోసం ఉంది. నీళ్ళు మొత్తం పోయినప్పుడు, వేడి చెప్పే సెన్సరు నీళ్ళలో మునిగి ఉండదు. అప్పుడు ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోవచ్చు. చల్లారిందని సంతోషపడి మళ్ళీ తొక్కితే ఇంజన్ సీజ్ అవుతుంది. లేచిన ముల్లు ఒక్కసారిగా పడిందంటే అది ఇంకా పెద్ద ప్రమాదమని గుర్తు పెట్టుకోండి.

ఆపాక బానెట్ ఎత్తినా ముప్పావు గంట దాకా మూత ముట్టొద్దు. తాళం తీసినా కరెంటు ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు, చేతులూ చీర కొంగులూ చున్నీలూ జాగ్రత్త. వేడి ఇంజన్‌లో చన్నీళ్ళు కుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. పూర్తిగా చల్లారాకే మెల్లగా పోయండి.

మా జిల్లాల వాళ్ళు శ్రీశైలం ఎక్కువ పోతారు కాబట్టి ఇంకో మాట. మన్ననూరు దాటి నల్లమలలో అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. గేటు పడేలోపు దాటాలన్న తొందరలో ముల్లు లేస్తున్నా తొక్కుతూ పోయేవాళ్ళున్నారు. డ్యాము దగ్గర దిగి సున్నిపెంట వైపు మళ్ళీ ఎక్కే మలుపులలో ఇంజన్ మీద భారం ఎక్కువ, వేగం తక్కువ, గాలి తక్కువ. మామూలు రోజుల్లో కనిపించని జబ్బు అక్కడ బయటపడుతుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో అడవిలో చిక్కుకోవడం కంటే బయల్దేరే ముందు రోజే చూపించుకోవడం మేలు.

మన నీళ్ళ గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తి కాదు. బోరు నీళ్ళు కాచిన గిన్నెల అడుగున తెల్లటి పెచ్చు కట్టడం మన ఇళ్ళలో అందరం చూస్తున్నదే. రేడియేటర్ గొట్టాలు బిందెల్లా వెడల్పుగా ఉండవు. చాలా సన్నటి దారులు. 1901లో మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాఖ్ చేసిన తేనెపట్టు రేడియేటర్‌లోనే గాలి దూరే బుల్లి గొట్టాలు 8 వేలకు పైగా, వాటి మధ్య నీళ్ళకు సన్నటి సందులు ఉండేవి. ఎంత ఎక్కువ సన్న దారులుంటే అంత బాగా చల్లబడుతుందని అప్పుడే తెలుసుకున్నారు. ఆ సన్న దారులలో మన బోరు నీళ్ళ సున్నం పేరుకుంటే? రెండేళ్ళలో సగం గొట్టాలు మూసుకుపోయిన రేడియేటర్లను కోసి చూపించాను నేను. ఎర్రటి తుప్పు మడ్డి, తెల్లటి పెచ్చు. దారి మధ్యలో ఇంకేమీ దొరక్కపోతే ఏ నీళ్ళయినా పోసి ఇంటికి చేరుకోండి, తప్పు లేదు. చేరాక అవి తీయించి, కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్ పోయించండి. కలపాల్సిన రకమైతే ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కలపండి, సగం సగం. ఎక్కువ పోస్తే ఎక్కువ మంచిదని ఉత్త కూలెంటే పోసేవాళ్ళున్నారు. అది నీళ్ళంత బాగా వేడిని మోయలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనేవి వట్టి రంగులే. రంగు కలిసింది కదా అని రెండు కంపెనీలవి కలపకండి.

కారుతున్న రేడియేటర్‌లో పసుపు వేయడం మన డ్రైవర్ల పాత చిట్కా. చిల్లు మూసుకుంటుంది, నిజమే. చిల్లుతో పాటు మంచి గొట్టాలూ మూసుకుంటాయి. బీడీ పొగాకైనా అంతే. పత్తి కాలంలో గద్వాల వైపు నుంచి వచ్చే బండ్ల రేడియేటర్ బయటివైపు దూది పింజలు పేరుకుని ఉంటాయి, వరి కోతలప్పుడు పొట్టు దుమ్ము. దానికి చేయాల్సింది పైపుతో మెల్లగా, ఇంజన్ వైపు నుంచి బయటికి కడగడం. ఆ పని ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు, బండి చల్లగా ఉన్నప్పుడు.

ఇక తర్మోస్టాట్. నా తోటి మెకానిక్ అన్నదమ్ములు ఎవరైనా వింటుంటే ఇది మీ కోసం. చెరువుకు తూము ఎలాగో ఇంజన్‌కు తర్మోస్టాట్ అలాగ. 82, 88 డిగ్రీల ప్రాంతంలో దానిలోని మైనం కరిగి ఉబ్బి, రేడియేటర్ వైపు దారి తెరుస్తుంది. చాలా ఇంజన్లలో అదే వేళకు పక్కదారిని మూసేస్తుంది కూడా. దాన్ని పీకేస్తే ఆ పక్కదారి తెరిచే ఉండి, కొన్ని నీళ్ళు రేడియేటర్‌కు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తాయి. చల్లబడుతుందని పీకినది బరువు పడ్డప్పుడు ఇంకా హీటెక్కిస్తుంది. మామూలప్పుడేమో ఇంజన్ వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది. మనం కూడా నేర్చుకునే రోజుల్లో పెద్దలు పీకితే చూసి పీకాం. నేనూ పీకాను. ఇప్పుడు మాత్రం మానేద్దాం. అనుమానం ఉంటే గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేలాడదీసి చూడండి, తెరుచుకుందో లేదో కళ్ళ ముందే కనిపిస్తుంది. పాడైతే కొత్తది వేయండి. అలాగే ఫ్యాను డైరెక్ట్ చేసి పంపితే జబ్బు పోయినట్టు కాదు. స్విచ్చు పోయిందా, రిలే పోయిందా, వైరు తెగిందా చూసి చెబుదాం. మన మాట నమ్మి బండి ఎక్కేది ఒక కుటుంబం.

సారు ఇప్పటికీ ఆ కారులోనే గద్వాల నుంచి వస్తున్నారు. కొత్త తర్మోస్టాట్ వేశాను, ఫ్యాను వైరు మళ్ళీ ఉన్నచోటికి చేర్చాను. డిక్కీలో నీళ్ళ సీసాలు లేవు.

శ్రోతలకు నా విన్నపం ఒకటే. రేపు పొద్దున తాళం తిప్పకముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. కూలెంట్ బాటిల్ మీద ఇప్పుడు ఎంతవరకు ఉందో అక్కడ మార్కర్ పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ రాయండి. పదిహేను రోజుల తర్వాత అదే వేళకు మళ్ళీ చూడండి. గీత కంటే కిందికి దిగి ఉంటే నీళ్ళు పోసి ఊరుకోకండి. బండి తీసుకుని మెకానిక్ దగ్గరికి పోయి, "ఎంత పోయాలి" అని కాదు, "ఎటు పోతున్నాయి" అని అడగండి.